సంతాన చికిత్స కొరకు ఉద్యోగము మానవలెనా?

పెండ్లియై నాలుగైదేండ్లు గడచినను సంతానము కలుగని దంపతులు పెద్ద చికిత్సకు సిద్ధపడునపుడు, పెక్కు ఇండ్లలో మొదట జరుగు మార్పు భార్య ఉద్యోగము మానుట. వైద్యుడు ఆ మాట చెప్పియుండకపోవచ్చును. "ఇంటిపట్టున ఉంటెనే కడుపు పండుతది" అని అత్తగారు అందురు, తల్లి అవుననును, ఇరుగుపొరుగువారు తల ఊపుదురు. ఆమెయు సరే యని రాజీనామా వ్రాసి యిచ్చును. ఆరు మాసములు గడచిన పిమ్మట ఆమె వైద్యుని యొద్దకు వచ్చి చెప్పుకొను బాధలు వేరుగా ఉండును. నిద్ర పట్టదు. ఆకలి లేదు. గుండె దడ. ఊరక కన్నీరు వచ్చును. ఎవరి యింటికిని పోబుద్ధి కాదు. ఇవి వాత ప్రకోప లక్షణములే. అయితే ఆ ప్రకోపమునకు మూలమును గర్భాశయములో వెదకిన ప్రయోజనము లేదు. ఖాళీ యైన దినములో వెదకవలెను.

సంతాన చికిత్సకు సిద్ధపడు స్త్రీ పని మానవలెనా, మానినచో ఆ దినములను ఎట్లు గడపవలెను, ఇంటివారి కర్తవ్యమేమి అను విషయములను ఈ వ్యాసములో వివరించుచున్నాను.

మన ప్రాంతపు పరిస్థితి

పూర్వము వరంగల్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుండి వేరు జిల్లాల కేంద్రములైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణముల వారికి ఈ సమస్య మరింత బరువైనది. టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో చికిత్స చేయు కేంద్రములకై వీరు సాధారణముగా హనుమకొండకో హైదరాబాదుకో పోవలసియున్నది. జనగామ వారికి రైలును, జాతీయ రహదారియు ఉన్నవి. హైదరాబాదు సుమారు 85 కిలోమీటర్లు. ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. మానుకోట నుండి వరంగల్‌కు రైలులో సుమారు 60 కిలోమీటర్లు; అయితే దూరపు తండాల వారు స్టేషను చేరుటకే ఆటోలో చాలసేపు ప్రయాణింపవలెను. భూపాలపల్లి వారికి రైలు లేదు. రేగొండ, పరకాల మీదుగా బస్సులో హనుమకొండ చేరవలెను.

కావున ఇచ్చటి స్త్రీలు పని మానుటకు మొదటి కారణము శరీర బలహీనత కాదు, ప్రయాణము. రెండవది సెలవు దొరకకపోవుట. ప్రైవేటు పాఠశాలలో చదువు చెప్పు ఆమెకు నెలకు ఒకటి రెండు దినములకు మించి సెలవు ఉండదు. మూడవది ఇంటి లెక్క. భర్తకు సింగరేణిలోనో ప్రభుత్వములోనో మంచి జీతమున్నచో, "నీ పదివేలతో ఏమి గడచును?" అని భార్య పనిని ముందుగా మాన్పింతురు. ఆ పదివేలతో ఆమెకు వచ్చుచుండిన మర్యాదను ఎవరును లెక్కింపరు.

మొదటి పరీక్షలన్నిటికిని దూరము పోనక్కరలేదు. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వాటి ఆసుపత్రులలో స్త్రీ వైద్య నిపుణులను చూచి, రక్త పరీక్షలు, స్కానింగ్ వంటివి ఏవి అక్కడనే జరుగునో విచారించి, జరిగినంత వరకు చేయించుకొనినచో కొన్ని ప్రయాణములు తగ్గును. 2023 అక్టోబరులో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రము ప్రారంభమైనది. అక్కడ ఏ చికిత్సలు ఏ దినములలో లభించునో ముందుగా కనుగొని వెళ్లుట మంచిది. ప్రైవేటు కేంద్రమునకు వెళ్లువారు, అది 2021 నాటి సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతికతల చట్టము క్రింద నమోదైనదో లేదో తప్పక అడుగవలెను. ఆ చట్టము ప్రకారము ఈ చికిత్సలు 21 ఏండ్లు దాటి 50 ఏండ్ల లోపు స్త్రీలకును, 21 ఏండ్లు దాటి 55 ఏండ్ల లోపు పురుషులకును మాత్రమే చేయవలెను.

సౌమనస్యము అనగా నేమి?

గర్భము నిలుచుటకు నాలుగు అంగములు కావలెనని సుశ్రుతుడు శారీరస్థానము రెండవ అధ్యాయములో చెప్పెను. అవి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. రైతునకు అదను, నేల, నీరు, విత్తనము ఎట్టివో ఇవియు అట్టివే. చరకుడు సూత్రస్థానము ఇరువదియైదవ అధ్యాయములో ఆయా పనులకు శ్రేష్ఠమైన వానిని వరుసగా లెక్కించుచు, గర్భధారణకు తోడ్పడు వానిలో సౌమనస్యము, అనగా మనస్సు నిర్మలముగా, ప్రసన్నముగా ఉండుట, అగ్రగణ్యమనెను. రోగములను పెంచు వానిలో విషాదము అగ్రగణ్యమని ఆ పట్టికలోనే ఉన్నది.

ఈ సౌమనస్యము అను మాటను మన యిండ్లలో తలక్రిందులుగా వాడుచున్నారు. "నీవు దిగులు పెట్టుకొనుట చేతనే నీకు కడుపు పండుట లేదు" అని ఆమెనే నిందించుచున్నారు. ఇది శాస్త్రాభిప్రాయము కాదు. గర్భము ఆలస్యమగుటకు చరకుడు శారీరస్థానములో చెప్పిన కారణములలో యోని దోషములు, మనస్తాపము, శుక్ర శోణిత దోషములు, ఆహార విహార దోషములు, అకాలములో కలయిక, బలక్షయము ఉన్నవి. మనస్తాపము వీనిలో ఒకటి మాత్రమే. శుక్ర దోషము పురుషునిది. నేటి పరీక్షలలోను సుమారు సగము దంపతులలో పురుషుని వైపు లోపము కూడ కన్పించుచున్నది. అయినను చికిత్స కొరకు పురుషుడు ఉద్యోగము మానవలెనని ఎవరును అనరు.

ఆధునికులు ఈ మనస్తాపమును గూర్చియే పరిశోధించిరి. 14 అధ్యయనములను, వానిలోని 3,583 మంది స్త్రీల ఫలితములను కూర్చి చూచిన ఒక సమీక్ష 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. చికిత్సకు ముందు స్త్రీ పడు ఆందోళనయు, దిగులును ఆ విడత ఫలితమును మార్చుచున్నట్లు దానిలో కన్పింపలేదు. కావున ఏ స్త్రీయు "నేను ఏడ్చినందువలననే పిండము నిలువలేదు" అని తలపోయరాదు. ఆమెతో ఆ మాట ఎవరును అనరాదు.

అట్లయిన చరకుని మాటకు విలువ లేదా? కలదు. మితిమీరిన చింత రసవహ స్రోతస్సులను చెరచునని ఆయనయే విమానస్థానములో చెప్పెను. రసము చెడిన ఆకలి చెడును, నిద్ర చెడును, బలము తగ్గును. ఒక్క విడత ఫలితమును మార్చినను మార్చకున్నను, విషాదము తానే ఒక వ్యాధి. చికిత్సను నడుమనే విడిచిపెట్టు దంపతులలో పెక్కురు మనస్సు అలసిపోయి విడిచిపెట్టుదురు. ఆహారమును, ఔషధమును రోగికి సమకూర్చి యిచ్చునట్లే సౌమనస్యమును కూడ ఇంటివారు సమకూర్చవలెను. ఆమె నుండి దానిని వసూలు చేయరాదు. తాను చేయు పనియందు ఇష్టము, నలుగురిలో గౌరవము ఉన్న స్త్రీకి ఆ పనియే సౌమనస్యమునకు సగము ఆధారము. దానిని తీసివేసి సంతోషముగా ఉండుమనుట, కట్టెలు లాగివేసి అన్నము ఉడుకవలెననుట వంటిది.

చికిత్సలో ఎన్ని దినములు పని మానవలెను?

పెక్కుమంది చికిత్స అనగానే ఏడాది పొడవునా మంచము పట్టవలెనని భయపడుదురు. క్రమము తెలిసిన ఆ భయము తగ్గును.

ఐ.యు.ఐ. అను సులభ పద్ధతిలో నెలకు మూడు నాలుగు మారులు స్కానింగ్‌కును, ఒక దినము చికిత్సకును పోవలసియుండును. ఆ దినముననే ఇంటికి వచ్చి వంట చేసికొనవచ్చును.

ఐ.వి.ఎఫ్., అనగా టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో, అండములు పెరుగుటకై సుమారు 8 నుండి 14 దినములు ఇంజక్షన్లు ఇత్తురు. వీనిలో పెక్కింటిని ఇంటియొద్దనే వేసికొనుట నేర్పుదురు. ఈ దినములలో రెండు మూడు దినములకొకసారి స్కానింగ్ ఉండును. పిమ్మట మత్తు ఇచ్చి అండములను సేకరింతురు. ఆ దినమును, మరునాడును విశ్రాంతి అవసరము. మూడవ లేక ఐదవ దినమున పిండమును గర్భాశయములో ఉంచుదురు. కొందరికి పిండమును శీతలీకరించి భద్రపరచి, తరువాతి నెలలలో ఉంచుదురు. అటుపై సుమారు రెండు వారములకు రక్త పరీక్ష. మొత్తము మీద ఒక విడతలో ఆసుపత్రికి పోవలసిన దినములు సాధారణముగా పదికి లోపుగనే ఉండును.

పిండమును ఉంచిన తరువాత కదలిన అది జారిపోవునను భయము మన ప్రాంతములో మిక్కుటముగా ఉన్నది. గర్భాశయపు గోడలు ఒకదానినొకటి అంటుకొనియుండును. లేచి నడచినంత మాత్రమున పిండము జారదు. దినముల తరబడి మంచముపై ఉండుట వలన సఫలత పెరుగునని అధ్యయనములలో తేలలేదు. బరువులెత్తక, అలసట కలుగనంత వరకు మామూలు పనులు చేసికొనవచ్చును.

ఎవరు పనిని మార్చుకొనవలెను?

కొన్ని పనులు నిజముగా హాని చేయును. ఆ పనులు చేయువారు చికిత్సకు కనీసము మూడు మాసముల ముందే మార్పు చేసికొనవలెను.

మిర్చి, ప్రత్తి చేలలో పురుగుమందు కలుపువారు, చల్లువారు, చల్లిన వెంటనే చేనిలో దిగువారు మొదటివారు. మానుకోట ప్రాంతపు దంపతులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. బరువైన మూటలు మోయువారు, ఎక్స్‌రే గదులలో తగిన రక్షణ లేక పనిచేయువారు, ఘాటైన రంగులు, రసాయనముల ఆవిరులు పీల్చువారు, ఎల్లప్పుడు రాత్రి షిఫ్టులు చేయువారు తమ వైద్యునికి ఆ సంగతి తప్పక చెప్పవలెను.

పురుషులును మినహాయింపు కారు. వృషణములకు అధికమైన వేడి తగిలిన శుక్రము క్షీణించును. కొలిమి యొద్ద గంటల కొలది కూర్చుండువారు, పొడవైన దూరములు లారీ నడపువారు జాగ్రత్తపడవలెను. ఆహార రసము శుక్రముగా మారుటకు ఒక మాసము పట్టునని సుశ్రుతుడు చెప్పెను. నేటి లెక్కలో శుక్రకణము తయారగుటకు రెండు మాసములకు పైగా పట్టును. ఎట్లు చూచినను నేడు గుట్కా మానిన రేపు ఫలము కన్పింపదు. గుట్కా, పొగ, మద్యము, కల్లు మూడు మాసముల ముందే మానవలెను.

పై పట్టికలో లేని పనులు, అనగా బడిలో చదువు చెప్పుట, కార్యాలయములో వ్రాతపని, బ్యాంకు, దుకాణము, కుట్టుపని, అంగన్‌వాడీ పని మొదలగునవి, చికిత్సకు అడ్డు కావు. వైద్యుడు ప్రత్యేక కారణముచే వద్దన్నచో వేరు మాట.

రాజీనామాకు ముందు

యువతులలో సైతము ఐ.వి.ఎఫ్. మొదటి విడతలోనే బిడ్డ కలుగు వారికంటె కలుగనివారే ఎక్కువ. కావున ఉద్యోగము మానుట గూర్చిన లెక్కను ఒక విడతకు వేసికొనరాదు. రెండు మూడు విడతలకు, ఏడాది రెండేండ్లకు వేసికొనవలెను. ఒక్కొక్క విడతకు పెద్ద మొత్తము ఖర్చగుచుండగా ఆదాయము ఆగిపోవుట దంపతుల మధ్య కలహమునకు దారితీయును.

ప్రభుత్వోద్యోగినులకు సంపాదిత సెలవు, అర్ధ వేతన సెలవు, వేతనము లేని అసాధారణ సెలవు అను మార్గములున్నవి. రాజీనామాకు ముందు ఇవి అన్నియు చూడవలెను. ప్రైవేటు సంస్థలలో పనిచేయువారు యాజమాన్యముతో మాటలాడి, సగము దినపు పని, ఇతరులతో గంటల మార్పిడి, రెండు మాసముల జీతము లేని సెలవు వంటివి వ్రాతపూర్వకముగా అడుగవలెను. భూపాలపల్లికి చెందిన ఒక ల్యాబ్ ఉద్యోగిని తన సహోద్యోగినితో మాటలాడుకొని, స్కానింగ్ దినములలో ఉదయపు పనిని ఆమెకిచ్చి, ఆదివారములు తాను చేసెను. చికిత్స కొరకని చెప్పుటకు ఆమె ఇష్టపడలేదు. "ఆపరేషను సంబంధమైన పరీక్షలు" అని మాత్రము చెప్పెను. అంతకు మించి చెప్పవలసిన అవసరము ఆమెకు లేదు.

చట్ట విషయము ఒకటి చాలమందికి తెలియదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము 2017 సవరణచే మొదటి రెండు కాన్పులకు 26 వారముల వేతన సెలవు నిచ్చినది. ఆ నియమములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను చేరినవి. ఈ సెలవు పొందుటకు, కాన్పు కావలసిన తేదీకి ముందు పన్నెండు మాసములలో కనీసము 80 దినములు ఆ సంస్థలో పనిచేసియుండవలెను. గర్భస్రావమైనచో ఆరు వారముల వేతన సెలవు కూడ దీనిలోనే ఉన్నది. సంతాన చికిత్సకు ప్రత్యేకముగా సెలవు దీనిలో లేదు. కాని చికిత్సకు ముందే రాజీనామా చేసిన స్త్రీ, చికిత్స ఫలించిన పిమ్మట రావలసిన ఈ 26 వారములను కూడ పోగొట్టుకొనును. ఈ లెక్క చూడక సంతకము చేయరాదు.

మానిన తరువాత "నేనెవరు?"

అన్నియు ఆలోచించిన పిమ్మటను కొందరికి పని మానక తప్పదు. దూరము, ఆరోగ్యము, యాజమాన్యపు కాఠిన్యము, ఏదో ఒక కారణము ఉండును. అట్టివారిని మొదటి నెల విశ్రాంతి హాయిగా ఉంచును. రెండవ నెల నుండి అసలు బాధ మొదలగును.

జనగామలో పదకొండేండ్లు చిన్న పిల్లలకు చదువు చెప్పిన ఒక ఉపాధ్యాయిని నిద్రలేమికి మందు కొరకు వచ్చినపుడు ఇట్లు చెప్పెను: "బజార్ల పోతె ఇంతకుముందు టీచరమ్మా అని పిలిచేటోళ్లు. ఇప్పుడు ఏమన్న విశేషమా అని అడుగుతున్నరు. పొద్దుగాల లేచి నేనెవరినో నాకే సమజైతలేదు అయ్యగారూ." ఈ మాటలలో రోగ నిదానమంతయు ఉన్నది. పని ఉన్నపుడు ఊరు ఆమెను ఆమె చేయు పనిని బట్టి పిలిచెను. పని పోగానే ఆమెకు లేనిదానిని బట్టి చూచుట మొదలుపెట్టెను.

ఆమెకు నిద్రకై పాదాభ్యంగము చెప్పి, దానితో పాటు మరొక "మందు" చెప్పితిని. సాయంకాలము ఐదు నుండి ఆరు వరకు వాడలోని నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి చదివింపవలెను. ఆసుపత్రికి పోవు దినమున పిల్లలకు ముందే చెప్పవలెను. నాలుగు వారములకు నిద్ర కుదిరెను, ఆకలి కలిగెను. ఆమెకు సంతానము కలిగెనా అని పాఠకులు అడుగుదురు. ఆ ప్రశ్నను ఆమెను అడుగని మనుష్యులు నలుగురున్న చాలునని ఆమె కోరుకొనుచుండెను గనుక, ఇచ్చట నేనును ఆ ప్రస్తావన చేయను. ఆ వాడలో ఆమె మరల టీచరమ్మ ఆయెను.

పని మానిన స్త్రీలు ఈ క్రింది నియమములను పాటించినచో మేలు కలుగును.

1. దినచర్య తప్పరాదు. ఉద్యోగమునకు పోవునపుడు లేచిన సమయముననే లేవవలెను, స్నానము చేసి మంచి చీర కట్టుకొనవలెను. పగటి నిద్ర కఫమును పెంచును, రాత్రి నిద్రను చెరచును.

2. తనపై మరొకరు ఆధారపడు పని ఒకటి ఉండవలెను. దినమునకు ఒక గంట చాలును. కుట్టుపని తెలిసినవారు వారమునకు రెండు జాకెట్లు కుట్టవచ్చును. లెక్కలు తెలిసినవారు మహిళా సంఘపు పుస్తకములు వ్రాయవచ్చును. ఇంటిపని ఈ లెక్కలోనికి రాదు. అది చేసినను ఎవరును గుర్తింపరు.

3. విరామమునకు ఒక తేదీ నిర్ణయింపవలెను. "ఉగాది వరకు" అనియో "రెండు విడతల వరకు" అనియో దంపతులు ముందే మాట అనుకొనవలెను. ఆ తేదీన మరల కూర్చుండి ఆలోచింపవలెను. గడువు లేని నిరీక్షణ మనస్సును తినివేయును.

4. ప్రశ్నలకు జవాబు ముందే సిద్ధముగా ఉంచుకొనవలెను. "కొన్నాళ్లు బడి పని నుండి విరామము తీసికొన్నాను" అన్న చాలును. ఎంత దగ్గర చుట్టమైనను చికిత్స వివరములు చెప్పవలసిన ఋణము ఎవరికిని లేదు.

5. ఇంటిలో చికిత్స మాటలకు ఒక వేళ పెట్టవలెను. రాత్రి భోజనానంతరము అరగంట మాట్లాడి ముగింపవలెను. తక్కిన వేళ దంపతులు దంపతులుగా ఉండవలెను.

6. తన పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో నెలకు కొంత పైకము పడునట్లు భర్త ఏర్పాటు చేయవలెను. సంపాదించిన చేయి మందులకు కూడ చాచవలసివచ్చిన ఆ చిన్నతనము గొప్ప విషాద హేతువు.

ఇంటివారికి నాలుగు మాటలు

స్కానింగ్ దినములలో కనీసము కొన్నింటికైన భర్త వెంట పోవలెను. తన పరీక్షలను ముందుగా తానే చేయించుకొనవలెను. అత్తగారు, తల్లి ప్రతి నెల తేదీలు లెక్కించి అడుగుట మానవలెను. "గొడ్రాలు" అను మాట ఇంటిలో ఎవరి నోటను, పరిహాసమునకైనను, రారాదు. బంధువుల ఇంట శ్రీమంతము, బారసాల జరిగినపుడు ఆమెను పిలువకుండుట తగదు, రమ్మని బలవంతపెట్టుటయు తగదు. పిలిచి, వచ్చుట రాకుండుట ఆమె ఇష్టమునకు విడువవలెను. ఆమె చేసిన ఉద్యోగమును గూర్చి "పోయిన పీడ" యని యెన్నడును అనరాదు.

ఆహారము, గృహ చికిత్సలు

చికిత్సకు ముందు మూడు మాసములు శరీరమును సిద్ధము చేయుటకు అనువైన కాలము.

ఆహారము: జొన్న రొట్టె, పెసరపప్పు, ఆకుకూరలు, మునగాకు, ఉసిరిక, పండ్లు, పాలు, మితముగా నెయ్యి. రక్తలేమి ఉన్నచో ఇనుము మాత్రలు వైద్యుని సలహాపై వాడవలెను; మునగాకు మాత్రమే చాలదు. అండాశయములలో నీటి బుడగలు, అధిక బరువు, మధుమేహము ఉన్నవారు బెల్లము, తీపి, అధిక నేతిని తగ్గించి, దినమునకు అరగంట నడువవలెను. గర్భమును కోరు ప్రతి స్త్రీయు ఫోలిక్ ఆమ్లము మాత్ర, దినమునకు 400 మైక్రోగ్రాములు, ముందు నుండియే వాడుట అవసరము. దీనికి సాటియైన మూలిక లేదు. మితిమీరిన టీ, కాఫీలు తగ్గింపవలెను.

నిద్రకు: పండుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లు పది నిమిషములు మర్దన చేయవలెను. భార్యకు భర్త చేసిన మరింత మంచిది. నిద్ర కలిగించు వానిలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పెను. జీర్ణశక్తి బాగున్నవారు రాత్రి ఒక చిన్న గ్లాసు వెచ్చని పాలు త్రాగవచ్చును.

వాతమునకు: వారమునకు రెండు మారులు నువ్వుల నూనెతో అభ్యంగము చేసికొని, అరగంట తరువాత గోరువెచ్చని నీటితో స్నానము చేయవలెను. అండ సేకరణ దగ్గరపడిన దినములలోను, పిండమును ఉంచిన తరువాతను పొత్తికడుపుపై మర్దన చేయరాదు.

ముఖ్యమైన హెచ్చరిక: ఇంజక్షన్లు వాడు దినములలో కడుపు ఉబ్బి గట్టిపడుట, ఎడతెగని వాంతులు, ఆయాసము, మూత్రము తగ్గుట కన్పించినచో కషాయములు వేయుచు ఇంటిలో ఉండరాదు. వెంటనే చికిత్స చేయు కేంద్రమునకు ఫోను చేసి, ఆసుపత్రికి పోవలెను.

అట్లే రెండు వారములకు మించి ఏ పనియందును ఆసక్తి లేక, బ్రతుకు వ్యర్థమను తలంపులు కలుగుచున్నచో అది ఆకుపసరులతో తగ్గునది కాదు. మానసిక వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు.

తరచుగా అడుగు సందేహములు

సందేహము: శతావరి, అశ్వగంధ లేహ్యములను ఇంజక్షన్లతో పాటు వాడవచ్చునా?

సమాధానము: వాడరాదు. ఈ మూలికలకు తమ స్థానమున్నది. అది చికిత్సకు ముందు, వైద్యుని పర్యవేక్షణలో. హార్మోను ఇంజక్షన్లు మొదలైన నాటి నుండి మూలికలను ఆపి, అంతవరకు వాడిన వాని పట్టికను ఆ కేంద్రపు వైద్యునికి చూపవలెను. లోహ భస్మములను ఎవరో చెప్పిరని సంతలో కొని వాడుట మిక్కిలి ప్రమాదకరము.

సందేహము: పంచకర్మ చేయించుకొనవచ్చునా?

సమాధానము: శోధన కర్మలు శరీరమును మొదట బలహీనపరచి పిమ్మట బలపరచును. కావలసినవారు చికిత్సకు రెండు మూడు మాసముల ముందే ముగించుకొనవలెను. విడత నడుచుచుండగా వమన విరేచనములు, వస్తి చేయరాదు.

సందేహము: ఒక విడత ఫలింపలేదు. ఉద్యోగము మానియే ఉన్నాను. మరొక విడతకు మూడు మాసములు ఆగుమనిరి. ఈలోగా పనిలో చేరిన తప్పా?

సమాధానము: తప్పు కాదు, చేరుడు. ఈ మూడు మాసములు ఎదురుచూచుటకు మాత్రమే ఉన్నవని తలపకుడు. పాత బడి రానిచ్చినచో అందులో చేరుడు. లేనిచో సగము దినపు పని చూచుకొనుడు. స్కానింగ్ దినముల సంగతి మొదటి దినముననే యాజమాన్యమునకు చెప్పి ఒప్పందము చేసికొనుడు. పనిచేయుచునే తల్లులైన స్త్రీలు మన జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో ప్రతి వీధిలోను కలరు. చికిత్స మీ జీవితములో ఒక భాగముగా నడచుచుండవలెను. మీ జీవితమంతయు దాని కొరకు ఆగిపోరాదు.